సముద్రం మీద ఆల్టీమీటర్‌ను దేనికి సెట్ చేయాలి? ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ గురించి ఒక సందేహం

ప్రశ్న: న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఒక కొత్త పైలట్

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. కెనడాలో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకుని ప్రస్తుతం సెయింట్ జాన్స్‌లో ఉన్నాను. త్వరలో రెండు పిస్టన్ ఇంజన్ల చిన్న విమానాన్ని ఇక్కడి నుంచి ఐర్లండ్‌లోని షానన్‌కు చేర్చే ప్రయాణంలో రెండో పైలట్‌గా వెళ్లబోతున్నాను. దూరం దాదాపు 1,700 నాటికల్ మైళ్లు. క్యాబిన్‌లో అదనపు ఇంధన ట్యాంకు ఉంటుంది. ఎత్తు 7,000 అడుగులో, 9,000 అడుగులో ఉండవచ్చని కెప్టెన్ అంటున్నారు.

నేను చదువుకున్నదాని ప్రకారం ఉత్తర అమెరికాలో 18,000 అడుగుల కంటే కింద ఉన్నంతసేపు ఆల్టీమీటర్‌లో (విమానం ఎత్తు చూపే పరికరంలో) దారిలోని స్టేషన్ ఇచ్చే క్యూఎన్‌హెచ్‌నే, అంటే ఆ చోటి సముద్ర మట్టపు పీడనాన్నే పెట్టుకోవాలి. ఆ స్టేషన్ 100 నాటికల్ మైళ్ల లోపు ఉండాలని అమెరికా నిబంధన చెబుతుంది. అయితే తీరం దాటిన గంటకల్లా ఆ 100 మైళ్లు అయిపోతాయి, ఆ తర్వాత వెయ్యి మైళ్లకు పైగా ఒక్క స్టేషన్ కూడా ఉండదు. నాకు శిక్షణ ఇచ్చిన ఒకాయనను అడిగితే, చివరగా విన్న క్యూఎన్‌హెచ్‌తోనే షానన్ దాకా వెళ్లిపోవచ్చని చెప్పారు. ఆ మాట నాకు సరిగా అనిపించలేదు, ఎందుకంటే సెయింట్ జాన్స్‌లో పీడనం 1022 హెక్టోపాస్కల్స్ ఉన్న రోజున నడి సముద్రంలో 985 ఉన్న వాతావరణ పటాలను నేను స్వయంగా చూశాను.

ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్, అంటే క్యూఎన్‌హెచ్ వదిలి అందరికీ ఒకటే అయిన స్టాండర్డ్ పీడనానికి మారే ఎత్తు, ఒక విమానాశ్రయానికో ఒక దేశానికో చెందిన అంకె కదా. విమానాశ్రయమూ దేశమూ లేని చోట దానికి అర్థం ఏమిటి? స్టాండర్డ్ పెట్టుకుంటే మా నిజమైన ఎత్తు మాకు తెలియకుండా పోతుంది కదా, అది ప్రమాదం కాదా? అనుభవం ఉన్న పెద్దలు కొంచెం వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1: అట్లాంటిక్ మీద నడిపే ఒక విమాన కెప్టెన్

తమ్ముడూ, మీ అనుమానమే సరైనది. చివరగా విన్న క్యూఎన్‌హెచ్‌తో సముద్రం దాటడమన్నది తప్పు సలహా. సముద్రం మీదికి చేరాక స్టాండర్డ్, అంటే 1013.25 హెక్టోపాస్కల్స్ లేదా 29.92 అంగుళాల పాదరసం పెట్టుకుని ఫ్లైట్ లెవెల్‌లో, అంటే ఆ అంకెతో ఆల్టీమీటర్ చూపే ఎత్తును వందల అడుగుల్లో చెప్పే లెక్కలో ఎగరాలి. మీ విషయంలో 7,000 అడుగులు అనేది ఫ్లైట్ లెవెల్ 070 అవుతుంది.

ఉత్తర అట్లాంటిక్ నియంత్రిత గగనతలం ఎక్కువ భాగం ఫ్లైట్ లెవెల్ 055 నుంచే మొదలవుతుంది, అక్కడి నుంచి పైనంతా ఎ తరగతి, అంటే ప్రతి విమానమూ కంట్రోలర్ అనుమతితోనే ఎగరాల్సిన గగనతలం. ఆ హద్దును అడుగుల్లో కాకుండా ఫ్లైట్ లెవెల్‌లో రాశారంటేనే అక్కడ అందరి కొలమానం 1013 అని అర్థం. అమెరికా నిబంధన సంగతికి వస్తే, అంతర్జాతీయ జలాల మీద ఎగిరేటప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రెండో అనుబంధాన్ని పాటించాలని అమెరికా నిబంధనలే చెబుతున్నాయి. ఆ అనుబంధంలో ‘వాడదగిన అతి తక్కువ ఫ్లైట్ లెవెల్’ అనే మాట ఉంది. దానికీ ఆ పైనా ఎగిరే విమానం ఫ్లైట్ లెవెల్ చెప్పాలి, దానికంటే కింద ఎగిరే విమానం ఆల్టిట్యూడ్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు) చెప్పాలి. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ ప్రకటించిన చోట అదే హద్దు అవుతుంది, ప్రకటించని చోట ఈ అతి తక్కువ ఫ్లైట్ లెవెల్ ఆ పని చేస్తుంది. విమానాశ్రయమూ దేశమూ లేని చోట హద్దు ఎక్కడన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఇక ఎందుకు అన్నది చూద్దాం, ఎందుకంటే కారణం తెలియకుండా నియమం గుర్తుండదు. ఆల్టీమీటర్ ఎత్తును కొలవదు. లోపల గాలి తీసేసిన చిన్న లోహపు డబ్బీలు బయటి పీడనం తగ్గేకొద్దీ ఉబ్బుతాయి, ఆ ఉబ్బును పళ్లచక్రాలు ముల్లుకు అందిస్తాయి, ముల్లు దాన్ని అడుగుల్లో చూపుతుంది. కిటికీలోని అంకెను నాబ్‌తో తిప్పినప్పుడు మనం మార్చేది కొలత ఎక్కడి నుంచి మొదలు కావాలన్నది మాత్రమే. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా దాదాపు 28 అడుగులు. మీరు 1022తో బయలుదేరి దాన్ని మార్చకుండా 985 ఉన్న చోటికి చేరితే 37 హెక్టోపాస్కల్స్ తేడా వస్తుంది. ముల్లు 7,000 చూపిస్తూనే ఉంటుంది, మీరు మాత్రం 6,000 అడుగుల దగ్గర ఉంటారు.

‘స్టాండర్డ్ పెట్టినా అదే కదా జరిగేది, ఎత్తు తెలియదు కదా’ అని మీరు అడుగుతారు. నిజమే, తెలియదు. అయితే నడి సముద్రంలో కొండలు లేవు. అక్కడ ఢీకొనే అవకాశం ఉన్నది మరో విమానంతోనే. ఆ విమానం పోర్చుగల్ నుంచి అక్కడి క్యూఎన్‌హెచ్‌తో వచ్చి, మీరు సెయింట్ జాన్స్ క్యూఎన్‌హెచ్‌తో వెళ్లి, ఇద్దరి మధ్య కాగితం మీద వెయ్యి అడుగులు ఉందనుకుంటే, ఆ వెయ్యి అడుగులు గాలిలో లేకుండా పోవచ్చు. ఇద్దరూ 1013 పెట్టుకుంటే పీడనం తగ్గిన చోట ఇద్దరూ కలిసి దిగుతారు, పెరిగిన చోట కలిసి ఎక్కుతారు, మధ్యలో దూరం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఇద్దరికీ తెలియాల్సింది ఒకరికొకరు ఎంత ఎడంగా ఉన్నారన్నది, నీటికి ఎంత పైన ఉన్నారన్నది కాదు. ఫ్లైట్ లెవెల్ అనే ఏర్పాటు అంతా ఈ ఒక్క విషయం మీద నిలబడి ఉంది.

పైన మేము ఎగిరే 290 నుంచి 410 లెవెళ్ల మధ్య వెయ్యి అడుగుల ఎడం పెట్టగలిగింది కూడా ఇలాగే. ఉత్తర అట్లాంటిక్‌లో అది 1997 మార్చి 27న మొదలైంది, మన దేశంలో 2003 నవంబరు 27న వచ్చింది. అంతకుముందు ఆ ఎత్తుల్లో రెండు వేల అడుగులు వదిలేవారు. ఇప్పటికీ సముద్రంలోకి ప్రవేశించే ముందు రెండు ప్రధాన ఆల్టీమీటర్లూ, స్టాండ్‌బైదీ (అదనంగా ఉంచినదీ) ఎంత చూపిస్తున్నాయో కాగితం మీద రాసుకుంటాం. గంటకోసారి పోల్చి చూస్తాం. ప్రధానమైన రెండింటి మధ్య 200 అడుగులకు మించి తేడా ఉండకూడదు. మీ విమానానికి ఈ నిబంధన వర్తించదు, అయినా ఆ అలవాటు చేసుకోండి.

ఎక్కడ మార్చాలన్నదానికి కెనడాలోనే మీకు మంచి నమూనా ఉంది. ఆ దేశపు ఉత్తర భాగమంతా స్టాండర్డ్ పీడన ప్రాంతం. అక్కడ స్టేషన్లు అరుదు కాబట్టి టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ తప్ప తక్కువ ఎత్తులో కూడా 29.92తోనే ఎగురుతారు. దక్షిణం నుంచి అక్కడికి వెళ్లేవారు హద్దు దాటాక మార్చుతారు, అక్కడి నుంచి వచ్చేవారు హద్దు దాటక ముందే మార్చుతారు. అంటే రెండు సందర్భాల్లోనూ మార్పు స్టాండర్డ్ పీడన ప్రాంతం లోపలే జరుగుతుంది. సముద్రపు అంచున గాండర్ (కెనడా వైపు సముద్రాన్ని చూసే కేంద్రం) కంట్రోలర్ మీకు ఆల్టిట్యూడ్ బదులు ఫ్లైట్ లెవెల్ ఇచ్చినప్పుడు, రీడ్‌బ్యాక్ (విన్నదాన్ని తిరిగి చెప్పడం) పూర్తిచేసి, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నాబ్ తిప్పి, కిటికీలో అంకెను పైకి చదవండి.

జవాబు 2: సముద్ర గస్తీ విమానాల్లో పనిచేసి రిటైరైన ఒక నావిగేటర్

కెప్టెన్‌గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను చాలా ఏళ్లు బంగాళాఖాతం మీద గస్తీ విమానాల్లో నావిగేటర్‌గా పనిచేశాను. మా పని తరచూ నీటికి కొన్ని వందల అడుగుల ఎత్తులోనే ఉండేది. అంత కింద ఫ్లైట్ లెవెల్‌తో పని జరగదు, నిజమైన ఎత్తు తెలిసి తీరాలి. అందువల్ల మీ ప్రశ్నలోని రెండో సగానికి నేను జవాబు చెబుతాను.

సముద్రం మీద స్టేషన్ లేదనడం పూర్తిగా నిజం కాదు. సముద్రమే స్టేషన్. రేడియో ఆల్టీమీటర్ కిందికి తరంగాన్ని పంపి, అది తిరిగి రావడాన్ని బట్టి నీటికి ఉన్న దూరాన్ని కొలుస్తుంది. కింద ఉన్నది సముద్ర మట్టమే కాబట్టి ఆ దూరమే మన ఆల్టిట్యూడ్. మేము ఒక ఎత్తులో నిలకడగా ఎగురుతూ, రేడియో ఆల్టీమీటర్ 500 అడుగులు చూపుతున్నప్పుడు, పీడన ఆల్టీమీటర్ ముల్లు కూడా 500 దగ్గరకు వచ్చేదాకా నాబ్ తిప్పేవాళ్లం. ముల్లు అక్కడికి రాగానే కిటికీలో కనిపించే అంకె ఆ చోటి క్యూఎన్‌హెచ్ అవుతుంది. దాన్ని లాగ్‌లో స్థానంతో పాటు రాసేవాళ్లం. దగ్గర్లో మన ఓడ ఉంటే దాని బారోమీటర్ అంకెను రేడియోలో అడిగి సరిచూసుకునేవాళ్లం. ఒకటి రెండు హెక్టోపాస్కల్స్ తేడాతో రెండూ కలిసినప్పుడు కలిగే ధైర్యం వేరు. మీ చిన్న విమానంలో రేడియో ఆల్టీమీటర్ ఉండకపోవచ్చు. ఉన్నా చాలా రకాలు 2,500 అడుగుల పైన పనిచేయవు.

రెండు ఆల్టీమీటర్ల మధ్య ఈ తేడాతోనే ఒకప్పుడు సముద్రాలు దాటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి, పెద్ద ఎత్తుల్లో పనిచేసే రేడియో ఆల్టీమీటర్లు వచ్చాక, నావిగేటర్లు రేడియో ఎత్తులోంచి స్టాండర్డ్ పీడన ఎత్తును తీసివేసి ఆ తేడాను కొంతసేపటికోసారి రాసుకునేవారు. తేడా మారిందంటే విమానం పీడనపు వాలు మీద ఎక్కుతోందనో దిగుతోందనో అర్థం. ఆ వాలును బట్టే గాలి వీస్తుంది కాబట్టి, దాని నుంచి అడ్డగాలిని లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే మీరు వెళ్లే దారిలోనే, 100 నాటికల్ మైళ్ల ప్రయాణంలో ఆ తేడా 100 అడుగులు మారితే అడ్డగాలి సుమారు 28 నాట్లు. మేఘాల పైన నక్షత్రం కనిపించని రాత్రి, ఉపగ్రహాలు లేని రోజుల్లో, కేవలం రెండు ముళ్ల మధ్య తేడాతో విమానం ఎంత పక్కకు కొట్టుకుపోతోందో చెప్పగలిగేవారంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం కలుగుతుంది.

ఈ లెక్క పరికరాలు లేకపోయినా మీకు ఒక విధంగా ఉపయోగపడుతుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. అందువల్ల తూర్పుకు వెళ్తున్న మీకు గాలి ఎడమ నుంచి వీస్తూ విమానాన్ని కుడికి నెడుతుంటే, అల్పపీడనం మీ ముందు ఉందన్నమాట, ఫ్లైట్ లెవెల్ మారకపోయినా మీ నిజమైన ఎత్తు తగ్గుతోందన్నమాట. గాలి కుడి నుంచి వస్తుంటే దీనికి తిరగబడి ఉంటుంది.

మీరు బయలుదేరే ఊరి నుంచే 1919 జూన్ 14న ఆల్కాక్, బ్రౌన్ బయలుదేరి, ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానాన్ని మర్నాడు ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్ దగ్గర బురద నేలలో దించారు. దారిలో మేఘంలో అదుపు తప్పి గిరికీలు కొడుతూ పడిపోయి, నీళ్లకు అతి దగ్గరగా మేఘంలోంచి బయటపడి, కంటితో సముద్రాన్ని చూసి విమానాన్ని నిలబెట్టుకున్నారు. ముందున్న చోటి పీడనాన్ని వారికి చెప్పేవారు ఎవరూ లేరు.

జవాబు 3: విశాఖ నుంచి ఒక వాతావరణ పరిశీలకుడు

నేను పైలట్‌ను కాను. పీడనం అంకెలు రాయడం నా వృత్తి కాబట్టి ఒకటి రెండు విషయాలు కలుపుతున్నాను.

మన తీరంలో మామూలు రోజుల్లో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం 10 ప్రాంతంలోనూ రాత్రి 10 ప్రాంతంలోనూ ఎక్కువ, తెల్లవారుజామున 4కూ సాయంత్రం 4కూ తక్కువ. తేడా సుమారు మూడు హెక్టోపాస్కల్స్, అంటే ఆల్టీమీటర్ మీద 80 అడుగులకు పైనే. ఉదయం క్యూఎన్‌హెచ్ పెట్టి పార్క్ చేసిన విమానం సాయంత్రానికి తనంతట తాను కొంచెం పైకి లేచినట్టు చూపిస్తుందని ఒక పైలట్ నాతో అన్నారు, అది ఇందువల్లే. మధ్య అక్షాంశాల్లో ఈ పోటుపాట్లు చాలా చిన్నవి, అక్కడ పీడనాన్ని మార్చేవి కదిలే అల్పపీడనాలు. అందుకే ఇక్కడ అలవాటైన కన్ను అక్కడి అంకెలను చూసి ఆశ్చర్యపోతుంది.

ఎంత తగ్గగలదో చెప్పడానికి మాకు గుర్తున్న రోజు 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కేంద్ర పీడనం 950 హెక్టోపాస్కల్స్‌గా వాతావరణ శాఖ అంచనా వేసింది. ఆ తుపాను కేంద్రంలో స్టాండర్డ్ పెట్టిన ఆల్టీమీటర్ సముద్ర మట్టంలోనే సుమారు 1,770 అడుగులు చూపుతుంది. అదే తేదీన, 1979లో, పసిఫిక్‌లోని టిప్ టైఫూన్‌లో 870 నమోదైంది, సముద్ర మట్టంలో ఇప్పటిదాకా కొలిచినవాటిలో అదే అతి తక్కువ. అక్కడ ఆ ముల్లు నీటి మీదే 4,100 అడుగులు దాటి చూపుతుంది. తుపానుల్లోకి వెళ్లే పరిశీలన విమానాలు తరచూ 700 హెక్టోపాస్కల్స్ పీడన తలం మీద, అంటే స్టాండర్డ్ లెక్కలో 10,000 అడుగులకు కొంచెం తక్కువగా ఎగురుతాయి. ఆ తలం నీటి వైపు ఎంత కుంగిందో రేడియో ఆల్టీమీటర్‌తో కొలిచి, కింద పీడనం ఎంత పడిపోయిందో లెక్కిస్తారు. నావిగేటర్‌గారు చెప్పిన పద్ధతే ఇది.

మీ దారిలో తుపానులు అరుదైనా శీతాకాలపు అల్పపీడనాలు వాటికి తీసిపోవు. 1993 జనవరిలో స్కాట్లండ్‌కు వాయవ్యంగా ఒక అల్పపీడనం 914 దాకా లోతుకు వెళ్లింది. ఆ కేంద్రం మీద ఫ్లైట్ లెవెల్ 055లో ఉన్న విమానం నీటికి దాదాపు 2,700 అడుగుల ఎత్తులోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టాండర్డ్ అంటే ఎత్తు తెలియకపోవడమనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను, అది ఒకరినొకరు తప్పించుకోవడానికి పెట్టుకున్న ఉమ్మడి కొలత అని ఇప్పుడు అర్థమైంది. నిన్న రాత్రి ఒక లెక్క వేశాను, సరిచూడండి. నడి సముద్రంలో ముందస్తు అంచనా పీడనం 978, మేము ఫ్లైట్ లెవెల్ 070. తేడా 35, దాన్ని 28తో గుణిస్తే 980. కాబట్టి నిజమైన ఎత్తు సుమారు 6,000 అడుగులు. ఇది సరేనా? ఐర్లండ్ వైపు దిగేటప్పుడు నేను ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉందా? అక్కడి ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ ఇక్కడి 18,000 కంటే చాలా తక్కువని చార్టులో చూశాను.

జవాబు 4: విమాన కెప్టెన్

లెక్క సరైనదే, కానీ చలిని మరచిపోయారు. చల్లని గాలి బరువైనది కాబట్టి పీడన తలాలు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. స్టాండర్డ్ కంటే ప్రతి 10 డిగ్రీల చలికి ఎత్తులో సుమారు 4 శాతం తగ్గించండి. ఆ రోజు 10 డిగ్రీలు చల్లగా ఉంటే మీ 6,000 కాస్తా 5,800కు దగ్గరవుతుంది. నీటి మీద ఇది చిక్కు కాదు. గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్లేవారికి మాత్రం ఇది ప్రాణాల విషయం. అక్కడి మంచు పీఠభూమి 10,000 అడుగులు దాటుతుంది, ఎత్తయిన శిఖరం 12,100 అడుగులు, చలి, అల్పపీడనం రెండూ ఒకే రోజు ఉండవచ్చు. దారి అటు మళ్లితే ఈ రెండు సవరణలూ వేసుకోకుండా లెవెల్ ఒప్పుకోవద్దు.

దిగేటప్పుడు జాగ్రత్తలు ఎక్కువ. అక్కడ ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ తక్కువ కావడం వల్ల మార్పు చాలా ఆలస్యంగా, చేతినిండా పని ఉన్న సమయంలో వస్తుంది. పైకి వెళ్లేటప్పుడు ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ దగ్గర స్టాండర్డ్ పెట్టాలి, దిగేటప్పుడు ట్రాన్సిషన్ లెవెల్, అంటే ఆ ఆల్టిట్యూడ్ పైన వాడదగిన అతి తక్కువ ఫ్లైట్ లెవెల్ దగ్గర క్యూఎన్‌హెచ్ పెట్టాలి. ఆల్టిట్యూడ్ స్థిరమైనది, లెవెల్ మాత్రం ఆ రోజు పీడనాన్ని బట్టి మారుతుంది. అమెరికా పట్టికలోనే చూడండి, పీడనం 29.92 లేదా ఎక్కువ ఉంటే ఫ్లైట్ లెవెల్ 180 వాడవచ్చు, 29.91కి పడితే 185, 29.41కి పడితే 190. పీడనం తగ్గితే ఫ్లైట్ లెవెళ్లన్నీ కిందికి కుంగి ఆల్టిట్యూడ్‌లో ఎగిరేవారి నెత్తి మీదికి వస్తాయి కాబట్టి అడుగున ఉన్న లెవెళ్లను ఖాళీగా వదిలేస్తారు.

ఇంకొకటి, మీరు అంగుళాల దేశం నుంచి హెక్టోపాస్కల్స్ దేశానికి వెళ్తున్నారు. కంట్రోలర్ ‘992’ అంటే, ఎనిమిది గంటలు హెచ్ఎఫ్ రేడియో గరగరలు విని అలసిన చెవి దాన్ని ‘29.92’గా వింటుంది, ఎందుకంటే కిటికీలో అప్పటికే ఆ అంకె ఉంటుంది. అలా జరిగితే మీరు అనుకున్నదానికంటే 600 అడుగులు కింద ఉంటారు. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో 1001 బదులు 1011 అని కంట్రోలర్ చెప్పడంతో, మేఘంలో దిగుతున్న ఒక ప్రయాణికుల విమానం రన్‌వేకు ఇంకా కిలోమీటరుకు పైగా దూరం ఉండగానే నేలకు 6 అడుగుల ఎత్తుకు వచ్చి, చివరి క్షణంలో పైకి లేచింది. తేడా పది హెక్టోపాస్కల్స్ మాత్రమే.

అందువల్ల 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాటి షాన్‌విక్ (సముద్రపు తూర్పు వైపును చూసే కంట్రోల్ కేంద్రం) పరిధిలోకి వెళ్లాక, షానన్ వాతావరణ నివేదికను ముందుగానే తీసుకుని, అందులోని క్యూఎన్‌హెచ్‌ను పెద్ద అక్షరాలతో మోకాలి మీది కాగితంపై రాసుకోండి. తర్వాత కంట్రోలర్ చెప్పే అంకె దానికి రెండు మూడు హెక్టోపాస్కల్స్ లోపల లేకపోతే నాబ్ ముట్టుకోకముందే మళ్లీ అడగండి. మీ కెప్టెన్ ఒప్పుకుంటే స్టాండ్‌బై ఆల్టీమీటర్‌ను ముందే ఆ క్యూఎన్‌హెచ్‌కు పెట్టి ఉంచండి. ప్రధాన ఆల్టీమీటర్లను మార్చిన క్షణంలో మూడు ముళ్లూ ఒక చోటికి రావాలి, రాకపోతే దిగడం ఆపి కారణం వెతకండి.